శిథిల మస్జిద్‌కు సోదరుల చేయూత

కట్టించినవారి పేరు చరిత్రలో నిలుస్తుంది. కాపాడినవారిని లోకం తరచు మరచిపోతుంది. కైరో నగరంలో బాబుల్ ఫుతూహ్ ద్వారం పక్కనున్న అల్ హాకిం మస్జిద్ గాథ ఇటువంటిదే.

ఫాతిమీ ఖలీఫా అల్ అజీజ్ క్రీ.శ. 990లో ప్రారంభించిన ఈ మస్జిద్‌ను ఆయన కుమారుడు అల్ హాకిం 1013లో పూర్తి చేశాడు. 1303 నాటి భూకంపంలో మీనార్లు దెబ్బతిన్నాయి. నమాజు జరగవలసిన చోటు వేర్వేరు కాలాల్లో ఖైదీలకు చెరసాలగా, గుర్రాలకు సాలగా, నెపోలియన్ సేనలకు గిడ్డంగిగా మారింది.

దానిని ఆదుకున్నవారు దావూదీ బోహ్రా సోదరులు. వారిలో అధికులు మన దేశవాసులే. హైదరాబాదు, సికింద్రాబాదుల్లోనూ ఉన్నారు. ఫాతిమీ ఇమాములను తమ ఇమాములుగా భావించే ఈ చిన్న సమాజం, ధర్మగురువు సయ్యద్నా ముహమ్మద్ బుర్హానుద్దీన్ సారథ్యంలో మస్జిద్‌ను పునరుద్ధరించింది. 1980లో అక్కడ మళ్లీ నమాజు మొదలైంది. వారి సహకారంతోనే జరిగిన మరో విడత మరమ్మతులు 2023లో ముగిశాయి.

అయితే తెల్లని పాలరాయి పరచి పాతదనాన్ని పోగొట్టారని 1980 నాటి పనులను నిపుణులు విమర్శించారు. ఈ మాట తోసిపుచ్చదగినది కాదు. పూర్వీకుల రాయి మన చేతిలో అమానత్. కాని నమాజీలు లేని మస్జిద్ ఎంత పాతదైనా మూగదే. భక్తుల శ్రద్ధకు నిపుణుల సలహా తోడు కావాలని మేము భావిస్తాము.

మన ఊరి పాత మస్జిద్‌కు సున్నం వేయించేముందు, ఆ గోడపై శాసనం ఉందేమో ఒక్కసారి చూద్దాం.