వాడిపోయే పువ్వు, పాతబడిన ఇల్లు

యౌవనము త్వరగా గడచిపోతుందని అందరికీ తెలుసు. కవులు ఆ సంగతిని ఏ విధముగా చెప్తారో తెలిసికొంటే, ప్రసంగి గ్రంథము 12వ అధ్యాయము మనకు బాగుగా అర్థమవుతుంది.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’ మీలో అనేకులు విన్నారు. గుడివాడ ప్రాంతములో 1922లో జన్మించిన ఘంటసాలగారు దానిని పాడి ఇంటింటికీ చేర్చారు. అందులో పువ్వు ఆడపిల్లవలె మాట్లాడుతుంది. తనకున్న కొద్దిపాటి ఆయుష్షును తల్లి కొమ్మ మీదనే గడపనిమ్మని బ్రతిమాలుతుంది. ఇక్కడ పువ్వు ఒక ప్రతీక. కంటికి కనిపించే ఒక వస్తువును చూపించి, దాని వెనుక పెద్ద భావమును నిలబెట్టడమే ప్రతీక.

ప్రసంగి మరొక పద్ధతి ఎన్నుకున్నాడు. ఆయన ఒక ఇంటినే మన ముందుంచాడు. పైకి ఒకటి చెప్తూ లోపల మరొకటి తెలియజేసే ఈ పద్ధతిని అన్యాపదేశము అంటారు. ఆ ఇంటి కావలివారు వణకుతున్నారు, అవి చేతులు. బలవంతులు వంగిపోయారు; అవి కాళ్లు. తిరగలి విసిరే స్త్రీలు కొద్దిమందే మిగిలారు, అవి పళ్లు. కిటికీలో నుండి చూచేవారికి మసక కమ్మింది, అవి కండ్లు. వీధి తలుపులు మూతపడ్డాయి. చెవులని కొందరు, పెదవులని కొందరు వ్యాఖ్యాతలు చెప్తారు. ఇది చావు జరిగిన ఇంటి వర్ణన అనే పండితులు కూడా ఉన్నారు. కాబట్టి ప్రతి గుర్తుకు ఒక్కటే అర్థమని పట్టుబట్టకూడదు.

ఆ వర్ణనలోనే బాదము చెట్టు పూస్తుందని ఉంది. విజయవాడ వీధులలో మనము చూచే నాటు బాదము అది కాదు. మన చెట్టు పూత చిన్నది, కంటికి ఆనదు. ఇశ్రాయేలు దేశపు బాదము చలికాలము చివర, ఆకులు రాకముందే, మోడు కొమ్మల నిండా తెల్లగా పూస్తుంది. అది నెరసిన తల! మనవారైతే ‘తల ముగ్గుబుట్ట అయింది’ అంటారు. కృష్ణా లంకలలో వానలు వెనుకబట్టాక తెల్లబడే రెల్లును చూస్తే ఆ పోలిక మనకు తెలుస్తుంది.

చివరకు వెండి త్రాడు తెగుతుంది, బంగారు గిన్నె పగులుతుంది, నూతి దగ్గర కుండ బద్దలై గిలక విరుగుతుంది. ఆ గిన్నె దీపపు గిన్నె అని అనేకుల అభిప్రాయము. అంటే ఇంట్లో వెలుగూ లేదు, నీళ్లూ లేవు.

ఒక సంగతి గమనించండి. ఈ వచనాలలో ‘ముసలితనము’ అనే మాట ఒక్కసారి కూడా రాదు. వినే యౌవనస్థుడు పొడుపుకథ విప్పినట్లు ఒక్కొక్క గుర్తును విప్పుకోవాలి. విప్పేసరికి అతని కంటి ముందు ఎవరుంటారు? తన నాయనమ్మ, తన తాతయ్య! పువ్వు వాడితే జాలిపడి ఊరుకుంటాము. ఇల్లు అలాగు కాదు. ఆ తిరగలి పిండి విసిరింది, ఆ దీపము క్రిందనే మనము పెరిగాము. ఈనాడు డెల్టా గ్రామాలలో బిడ్డలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లగా, ఎన్ని ఇండ్లలో వృద్ధులు ఒంటరిగా వీధి తలుపు వేసుకుంటున్నారో ఆలోచించండి.

యౌవనస్థులారా, ఈ వాక్యము మిమ్మును బెదిరించడానికి వ్రాయబడలేదు. దీనికి ముందు 11వ అధ్యాయములో, యౌవనములో సంతోషించమనే చెప్పబడింది. అయితే 12వ అధ్యాయములోని ఈ వర్ణన అంతా ఒక్క ఆజ్ఞ మీద వ్రేలాడుతున్నది: నిన్ను సృజించినవానిని తలంచుకో. ‘రాకముందే’ అనే భావము మూడుసార్లు తిరిగి వస్తుంది. కిటికీలు తేటగా ఉన్నప్పుడే ఆయనను చూడండి. చేతులు వణకకముందే, వణికే చేతులను పట్టుకోండి.

ప్రభువు ఈ మాటలను దీవించును గాక. ఆమేన్.