కటకటాల వెనుక దైవస్వరూపం

మా బారువ వైపు వారికి అండమాన్ పరాయి చోటు కాదు. సోంపేట, కవిటి మొదలుకొని వజ్రపుకొత్తూరు దాకా ఎన్నో ఇళ్ల నుంచి అన్నో, తమ్ముడో, మేనమామో బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్లినవారే. పోర్టుబ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చినా మనవాళ్ల నోట అది ఇంకా పోర్టుబ్లెయిరే. చుట్టపుచూపుగా వెళ్లి వచ్చినవారిని మనం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘జారవాలు కనిపించారా?’ అడవిలోకెళ్లిన వాణ్ని పులి కనిపించిందా అని అడిగినట్టే అడుగుతాం.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటాక అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల అడవి మధ్య నుంచి సాగుతుంది. వాహనాలు బారులు తీరి పోలీసు కాపలాతో వెళ్లాలి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినుబండారాలు విసరకూడదు. ఈ నిబంధనలు ఎంతమాత్రం అమలయ్యాయో 2012 జనవరిలో ఒక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లల చేత పర్యాటకుల ఎదుట నాట్యం చేయించిన దృశ్యమది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ దారిలో పర్యాటకులను కొంతకాలం నిలిపివేసింది కూడా. కొన్ని వందల మందే మిగిలిన ఒక జాతి, కారు అద్దం అవతల వినోదంగా మారిపోయింది.

ఇది నిన్నమొన్నటి జాడ్యం కాదు. 1858లో డాక్టర్ ఫ్రెడరిక్ మౌవాట్ నాయకత్వంలో అండమాన్ దీవులు పరిశీలించడానికి వెళ్లిన బృందానికీ అక్కడివారికీ ఘర్షణ జరిగింది. కొందరు దీవివాసులు చనిపోయారు. ఒకణ్ని పట్టుకుని కలకత్తాకు తెచ్చారు. అతని అసలు పేరేమిటో అడిగినవారు లేరు, ‘జాక్’ అని పిలిచారు. బట్టలు తొడిగారు, ఫొటో తీశారు. చూడటానికి జనం గుమిగూడారు. కొద్దిరోజులకే జబ్బుపడితే తిరిగి తీసుకెళ్లి అతని తీరంలో వదిలిపెట్టారు.

ఆ తర్వాతి పేరు చదివితే మన మనసు చివుక్కుమంటుంది. రెవరెండ్ హెన్రీ కార్బిన్ పోర్టుబ్లెయిర్‌లో చాప్లిన్, అంటే దైవసేవకుడు. 1863లో రాస్ దీవిలో అండమానీయుల కోసం ఒక ‘హోమ్’ నడిపాడు. ఆ ఏడాదే వారిలో కొందరిని కలకత్తా తీసుకెళ్లాడు. వారికి నాగరికత చూపిద్దామని తీసుకెళ్తే, నగరమే వారిని చూడటానికి ఎగబడింది. ఆయన ఉద్దేశం చెడ్డదని మేమనం. కానీ ఆ హోమ్‌ల ద్వారా కొత్త రోగాలు దీవుల్లోకి పాకాయి. 1877లో తట్టు వ్యాధి సోకి ఎందరో రాలిపోయారు. ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనాభా లెక్కల నాటికి పంతొమ్మిది మంది. బో భాష మాట్లాడే ఆఖరి మనిషి, బోవా అనే వృద్ధురాలు, 2010 జనవరిలో కన్నుమూసింది.

ఇదే కాలంలో ఐరోపా, అమెరికా నగరాల్లో మనుషులను ప్రదర్శించడం పెద్ద వ్యాపారమైంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు కాంగో అడవుల నుంచి కొందరు పొట్టి మనుషులను తెచ్చారు. తెచ్చినవాడు శామ్యూల్ వెర్నర్, ఒకప్పటి ప్రెస్బిటేరియన్ మిషనరీ. వారిలో ఓటా బెంగా అనే యువకుడున్నాడు. 1906 సెప్టెంబరులో అతణ్ని న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో, కోతుల గృహంలో, ఒక ఒరాంగుటాన్‌తో పాటు కటకటాల వెనుక నిలబెట్టారు. ఆదివారం వేలాదిమంది వచ్చారు. వారిలో పొద్దున ఆరాధన ముగించుకుని వచ్చినవారు ఎందరో ఆలోచించండి.

అయితే సంఘం మొత్తం చూస్తూ ఊరుకోలేదు. నల్లజాతి బాప్టిస్టు కాపరులు కదిలారు. బ్రూక్లిన్‌లో అనాథాశ్రమం నడుపుతున్న రెవరెండ్ జేమ్స్ గోర్డన్ వారి ముందు నిలిచాడు. మేమూ ఆత్మగల మనుషులమేనని, మా జాతిలో ఒకణ్ని కోతుల సరసన నిలబెట్టడం చాలించమని గట్టిగా చెప్పాడు. నగర మేయర్ వారిని కలవడానికి కూడా ఒప్పుకోలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. ఆ నెలాఖరుకే ఓటా బెంగా గోర్డన్ ఆశ్రమానికి చేరాడు. తర్వాత వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో ఉన్నాడు, కొంత చదువుకున్నాడు, పనిచేశాడు. స్వదేశం వెళ్లాలన్న ఆశ మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంతో అడుగంటింది. 1916 మార్చి 20న తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ జంతుప్రదర్శనశాలను నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో, అంటే నూట పద్నాలుగేళ్లకు! ఒకరు మిషనరీగా వెళ్లి మనిషిని ప్రదర్శనకు తెచ్చాడు, మరొకరు కాపరిగా అతణ్ని ఆ కటకటాల నుంచి బయటికి తెచ్చాడు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది అదే బైబిలు.

చూపు గురించి ఆ గ్రంథం చాలానే చెబుతుంది. హేరోదు ఎంతో కాలంగా యేసును చూడాలని ఆశపడ్డాడని లూకా రాశాడు. ఎందుకు? ఏదైనా అద్భుతం చేస్తే చూసి ఆనందించడానికి. ప్రభువు ఒక్క మాటకైనా బదులివ్వకపోయేసరికి అపహసించి, మెరిసే వస్త్రం తొడిగి పంపేశాడు. అంటే మన రక్షకుడు కూడా ఒకరోజు వేడుక వస్తువుగా నిలబడ్డాడు. అదే సువార్త ఏడో అధ్యాయంలో పరిసయ్యుడైన సీమోను ఇంటికి కన్నీళ్లతో ఒక స్త్రీ వస్తుంది. సీమోను ఆమెను చూశాడు, ఆమె ఎటువంటిదో లెక్కగట్టాడు. ప్రభువు ఆమె వైపు తిరిగి, ఆమెను నువ్వు చూస్తున్నావా అని సీమోనునే అడిగాడు. కళ్లెదుటే ఉన్న మనిషిని చూస్తున్నావా అని అడగడమేమిటి? సీమోను చూసింది ఆమె పేరుమోసిన పాపాన్ని మాత్రమే గనుక.

ఇక మన కొండల దగ్గరికి వద్దాం. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ సవరల కొండల నుంచే దిగివస్తుంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచి 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. సవరలూ అందులోకెక్కారు. ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలను ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, వారి దగ్గర వారి భాష నేర్చుకున్నారు. బడులు పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. కొండజ్వరానికి మింగిన క్వినైన్‌తో చెవులు పోగొట్టుకున్నారు. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా సీమోను ఇంట ప్రభువు అడిగిన ప్రశ్నకు పంతులు గారు చెప్పగలిగిన జవాబు వెర్నర్ చెప్పగలిగేవాడు కాదు.

చూడబడటం ఎలా ఉంటుందో ఉద్దానం వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన మనిషి ముందు ఎన్ని కెమెరాలు నిలబడ్డాయి! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడూ అంతే. బియ్యం మూట ఒక చేత్తో అందుకుంటూ ఫొటో కోసం తలెత్తి నిలబడాల్సి వచ్చిన పెద్దవాళ్ల ముఖాలు మనకు గుర్తే. సాయానికి వచ్చినవారికి కృతజ్ఞులమే, ఆ కెమెరాల వల్లే పాలకులు కదిలిన మాటా నిజమే. అయినా ఆ క్షణంలో తల దించుకున్నది మన తల్లులూ తండ్రులే.

మరి మన మహాసభల్లో జరుగుతున్నదేమిటి? కొండ సంఘాల విశ్వాసులను వేదిక ఎక్కిస్తాం. తలకు ఈకలు కట్టించి ఆడిస్తాం. ఒకప్పుడు వీరెలా ఉండేవారో చూడండి అని మైకులో చెబుతాం. వారు పక్కనే నిలబడి వింటుంటారు. దాతలకు పంపే నివేదికల్లో ముక్కు కారుతున్న పసిపిల్లల ఫొటోలే ఏరి పెడతాం, తల దువ్వుకుని బడికెళ్లే అదే పిల్లల ఫొటో పనికిరాదంటాం. కలకత్తాలో కార్బిన్ చేసినదానికీ దీనికీ ఎంత దూరమో కాపరులూ, సంఘపెద్దలూ కూర్చుని మాట్లాడుకోవాలి.

సవర భాషలో కొత్త నిబంధన ఉంది. ఆ కొండల్లో సవర కాపరులున్నారు, వాక్యం బాగా చెప్పగలవారున్నారు. ఈసారి సభలకు వారిని పిలిచినప్పుడు ఆట కార్యక్రమానికి కాక, రాత్రి వాక్యపరిచర్యకు పేరు వేయండి. ఆయన తన భాషలోనే చెబుతాడు. తెలుగులోకి తర్జుమా చేసే మనిషిని మనం వెతుక్కోవాలి.