కాలరు లోపలా? బయటా?

మార్గశిరం వచ్చిందంటే మా బెంగుళూరులో పొద్దున్నే పాల ప్యాకెట్టుకు వెళ్లేవాళ్ల మెడలకు మఫ్లర్లు చుట్టుకుంటాయి. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు ఇది. 1884 జనవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలకు పడిపోయిందని లెక్క. ఇప్పుడంత చలి లేదు. అయినా డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరకు దిగి, మధ్యాహ్నానికి 27 దాకా ఎక్కుతుంది. పొద్దున వణుకు, పన్నెండుకు చెమట. అందుకే ఈ ఊళ్లో ఉద్యోగస్తులకు కోటు కంటే చొక్కా మీద స్వెట్టరే ఎక్కువ ఉపయోగపడుతుంది. కావాలంటే వేసుకోవచ్చు, వద్దంటే తీసి కుర్చీ వీపుకు వేసుకోవచ్చు.

మొన్న కార్తీకంలో మా తమ్ముని చిన్న కొడుక్కి ఉద్యోగం వచ్చింది. వాళ్ల ఆఫీసులో ఏడాది పొడుగునా ఏ.సి. చలే. చేరడానికి ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడి, "పెదనాన్నా, కాలరు లోపల పెట్టాలా, బయటికి తియ్యాలా?" అని అడిగాడు. ఇంట్లోవాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒకప్పుడు ఆ ప్రశ్నకు జవాబు తెలియకనే మా అమ్మతో అబద్ధమాడాను.

మా తాతగారి కాలంలో చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. ఆఫీసు మెట్టు ఎక్కినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. 1979లో నాకు ఉద్యోగం వచ్చిన సంతోషంలో అమ్మ ముదురు నీలం ఉన్ని కొని, పక్కింటావిడ దగ్గర అల్లిక నేర్చుకుని, రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని స్వెట్టరు అల్లింది. ఆమె చేతి మొదటి స్వెట్టరు అది. మెడ గుండ్రంగా, బిగుతుగా వచ్చింది. ఆ రోజుల్లో చొక్కాలకేమో పొడుగు మొనల కాలర్లు ఫ్యాషను. ఒక మొన స్వెట్టరు పైకి పొడుచుకొచ్చేది, రెండోది లోపల ముడుచుకునేది. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన రోజు మా పైఅధికారి అందరి ముందూ నా మెడకేసి చూసి, పక్క మీద నుంచి లేచి నేరుగా ఇటే వచ్చావా అని అడిగాడు. గదంతా నవ్వింది.

మర్నాటి నుంచి బస్సు స్టాపులోనే స్వెట్టరు తీసి క్యారియరు సంచిలో కుక్కేవాణ్ణి. సాయంత్రం మా సందు మలుపులో మళ్లీ తొడుక్కునేవాణ్ణి. "ఆఫీసులో చలి తెలిసిందా నాయనా?" అని అమ్మ రోజూ అడిగేది. "లేదమ్మా, వెచ్చగా ఉండింది" అనేవాణ్ణి. ఒక ఆదివారం ఉతకడానికి తీసి వాసన చూసింది. "చెమట వాసన లేదు, ఇంకు మరక లేదు. పులిహోర వాసన వస్తా ఉంది. దీన్ని నువ్వు వేసుకుంటా ఉండావా, క్యారియరుకు తొడుగుతా ఉండావా?" అంది. జరిగింది చెప్పక తప్పలేదు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. ఏమీ అనలేదు.

భోజనాలయ్యాక నన్ను చొక్కా తొడుక్కోమని, కాలరు నుంచి ఛాతీ దాకా వేళ్లతో కొలిచింది. స్వెట్టరు చేతులు ఊడదీసి, భుజాల కుట్టు విప్పి, ముందు భాగాన్ని సగం దాకా విప్పేసింది. విప్పిన ఉన్ని సేమ్యాలా వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని తడిపి, బరువు కట్టి ఆరవేసి, ఈసారి 'వి' ఆకారపు మెడ అల్లింది. పది రోజులు పట్టింది. చేతికిస్తూ, "బాగలేకపోతే చెప్పల్ల నాయనా. విప్పితే మళ్లీ అల్లుకోవచ్చు" అంది.

ఆ తర్వాత 37 ఏళ్లు ఉద్యోగం చేశాను. అమ్మ నేర్పిందీ, అనుభవం నేర్పిందీ కలిపి మా అబ్బాయికి చెప్పిన సంగతులు ఇవి. మీ ఇళ్లలోనూ కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలుంటే పనికి రావచ్చు.

మెడను బట్టి కాలరు

కాలరు చొక్కా మీదికి 'వి' మెడ స్వెట్టరు శ్రేష్ఠం. కాలరు మొనలు రెండూ స్వెట్టరు అంచు కింద అణగి ఉండాలి. టై కట్టుకునేవాళ్లకు ముడి చక్కగా కనబడుతుంది. టై లేకపోతే పై బొత్తాం ఒక్కటీ వదిలేస్తే చాలు. గుండ్రటి మెడ అయితే మొనలు లోపలికి వేసి, పైన కాలరు మడత మాత్రం కనబడనివ్వాలి. మొనలకు చిన్న బొత్తాలుండే కాలరు దీనికి బాగా కుదురుతుంది, ఎంత కదిలినా పైకి లేవదు. మొనలు బయటికి తీసి స్వెట్టరు మీద పరచడం ఆఫీసుకు అంత నప్పదు. ఎట్లా వేసుకున్నా రెండు మొనలూ ఒకేచోట ఉండాలి. ఒకటి లోపలా, ఒకటి బయటా ఉంటేనే నాకు పట్టిన గతి పడుతుంది.

లోపలి చొక్కా

పలుచని నూలు చొక్కా, ఒంటికి సరిపోయేది వేసుకోవాలి. వదులు చొక్కా అయితే స్వెట్టరు కింద మడతలు పడి పొట్ట లేని వాళ్లకు కూడా పొట్ట తెస్తుంది. కాలరుకు కొద్దిగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే వాలిపోకుండా నిలబడుతుంది. ముదురు నీలం, బూడిద, మెరూన్ రంగు స్వెట్టర్లకు తెలుపు, లేత నీలం చొక్కాలు ఎప్పుడూ పొసగుతాయి. గళ్ల చొక్కా మీద గళ్ల స్వెట్టరు మాత్రం వద్దు. పొట్టి చేతుల చొక్కా మీదికి చేతులు లేని స్వెట్టరే మేలు. నిండు చేతులదైతే ఉన్ని నేరుగా చర్మానికి తగిలి దురద పెడుతుంది.

తొడుక్కునే తీరు

ముందు చొక్కాను ప్యాంటులోకి దోపుకోవాలి. చొక్కా కఫ్‌లను వేళ్లతో బిగించి పట్టుకుని స్వెట్టరు చేతుల్లోకి దూర్చాలి. అప్పుడు చొక్కా చేతులు మోచేతుల దాకా ఎగబాకవు. కఫ్ అర అంగుళం బయటికి కనబడితే అందం. స్వెట్టరు అంచు బెల్టును కప్పితే చాలు, తొడల మీదికి జారకూడదు. చివరగా అద్దంలో మెడ వెనక కూడా చూసుకోవాలి. మనం మరిచిపోయేది అక్కడే.

చీర కట్టుకునే ఆడవాళ్లకు ముందు బొత్తాలుండే కార్డిగన్ సుఖం. జడా, పైటా చెదరవు. 1854లో క్రిమియా యుద్ధంలో గుర్రపు దళాన్ని నడిపిన లార్డ్ కార్డిగన్ పేరే దానికి స్థిరపడింది.

ఉతుకు, దాపు

చెమటా, తలనూనే చొక్కా కాలరు పట్టుకుంటుంది కాబట్టి స్వెట్టరును రోజూ ఉతకనక్కరలేదు. ఉతికేటప్పుడు చల్లని నీళ్లలో కుంకుడు రసంగాని, ఘాటు లేని సబ్బుగాని వాడి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కాలి. నీడన పరిచి ఆరవెయ్యాలి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది. కొక్కేనికి తగిలిస్తే భుజాల మీద కొమ్ములు వస్తాయి. చలికాలం అయ్యాక మురికి లేకుండా ఉతికి, మడిచి దాచాలి. ఉన్నిని కొరికే చిమ్మెట పురుగులకు చెమట మరకలంటే మరీ ఇష్టం.

యానాంలోను, చెన్నైలోను ఉన్న మన బంధువులు "మాకెందుకయ్యా స్వెట్టరు?" అనవచ్చు. ఏ.సి. గదుల్లో ఎనిమిది గంటలు కూర్చునే మీ పిల్లల్ని అడగండి. పుణే, కోరాపుట్ వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

అమ్మ 2003లో పోయింది. ఆ నీలం స్వెట్టరు ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆ రాత్రి తీసి మా అబ్బాయికిచ్చాను. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. మెడ కుదిరింది, భుజాలు కుదిరాయి. చొక్కా కఫ్‌లు మాత్రం రెండంగుళాలు బయటికి వచ్చాయి. "చేతులు పొట్టి పెదనాన్నా. పొడిగిస్తే వేసుకుంటాను" అన్నాడు, ఏ మొహమాటమూ లేకుండా. అంత చిన్న మాట అమ్మతో చెప్పలేకనే కదా నేను రోజూ సందు మలుపులో ఆగింది!

మర్నాడు వాడు తన కొత్త స్వెట్టరులోనే ఆఫీసుకు వెళ్లాడు. మేము ఆ నీలానికి సరిపోయే ఉన్ని కోసం కొట్లు తిరుగుతున్నాము.