గుసగుసకూ గర్జనకూ నడుమ

బళ్ళారి నాటకానికి పుట్టినిల్లని మన పెద్దలు చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరస వినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ వెలసింది ఇక్కడే. బళ్ళారి రాఘవగారు (1880–1946) పేరు గడించింది కూడ ఈ రంగస్థలం మీదనే. మైకు లేని ఆ తొలిరోజులలో చివరి వరుసలో కూర్చున్నవానికి వినిపించేటట్లు పద్యం ఎత్తడం ఒక విద్య. గొంతు తగ్గించినా మాట స్పష్టంగా చేరవేయడం అంతకు మించిన విద్య.

ఆ పద్యాలు కంఠతా వచ్చిన వృద్ధులు మన కుటుంబాలలో ఇంకా కొందరున్నారు. మనుమలు వారి గొంతును ఫోనులోనో కంప్యూటరులోనో పట్టి దాచుకుంటున్నారు. మంచి పనే. కాని విన్నప్పుడు ఒక చిక్కు తెలుస్తుంది. పద్యం ఎత్తుగడకు ఇల్లు అదురుతుంది. వచనం వచ్చేసరికి మాట వినబడదు. శబ్దం పెంచితే తర్వాతి ఆలాపనకు చెవులు గింగురుమంటాయి. కన్నడ బడులలో చదువుకునే మన పిల్లలకు తెలుగు పద్యం చెవి ద్వారానే రావాలి గనుక ఇది చిన్న లోటు కాదు.

ఈ చిక్కును తీర్చే సాధనం పేరు కంప్రెసర్. మంచుపెట్టెలో వుండేది కాదు. శబ్దంలోని హెచ్చుతగ్గులను అదుపులో పెట్టేది. ఆదాయపు పన్ను లెక్కలు వేసే మా బోటి గుమాస్తాలకు దీని పద్ధతి కొత్త కాదు. హద్దు దాటిన రూపాయలకే కోత పడినట్లు, హద్దు దాటిన శబ్దానికే ఇక్కడ కోత. 4కు 1 అన్న పాలు పెట్టినామనుకోండి. హద్దును 8 డెసిబెళ్ళు దాటిన గొంతు 2 మాత్రమే దాటి బయటికి వస్తుంది, 6 తగ్గినవి. ఇప్పుడు మొత్తాన్ని 6 డెసిబెళ్ళు పెంచితే, ఆ గట్టి గొంతు మునుపటి చోటనే నిలుస్తుంది. మెల్లని మాట 6 పైకి వస్తుంది.

ఈ పనికి వెనుక పెద్ద పెద్ద యంత్రాలుండేవి. 1960 దశకంలో అమెరికాలో జిమ్ లారెన్స్ రూపొందించిన ఎల్.ఏ.-2ఏ వాటిలో పేరెన్నిక గన్నది. అందులో వాల్వులతోపాటు ఒక చిన్న దీపపు పలక వున్నది. శబ్దం హెచ్చినకొద్దీ పలక వెలుగుతుంది. ఆ వెలుగు పడిన భాగం శబ్దాన్ని తగ్గిస్తుంది. గొంతు తగ్గిన తర్వాత దాని పట్టు మొదట త్వరగా సగం సడలి, మిగిలిన సగం నింపాదిగా సడలుతుంది. అందుకే దాని అదుపు చెవికి మెత్తగా తోస్తుంది. 1967లో బిల్ పట్నం తెచ్చిన 1176కు ఇంత నిదానం లేదు. సెకండులో లక్షవ వంతుల లెక్కన అందుకుంటుంది.

ఇప్పుడు ఆ యంత్రాల నడకను లెక్కలుగా మార్చి ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాములో ఇమిడ్చినారు. తెర మీద పాత మీటలు, కదిలే ముల్లు కూడ గీసి వుంటాయి. ఎల్.ఏ.-2ఏ తరహాలో ముఖ్యమైన మీటలు రెండే: ఒకటి ఎంత తగ్గించాలో, రెండవది తిరిగి ఎంత పెంచాలో చెబుతుంది.

మీటలు రెండే అయినా విచక్షణ కావాలి. ఒంటి గొంతు పద్యానికి ముల్లు 3, 4 డెసిబెళ్ళు వెనక్కి వాలితే సాధారణంగా చాలు. మరీ నొక్కితే గుసగుసా గర్జనా ఒకే ఎత్తున పడి, పద్యం తారురోడ్డులా చదునవుతుంది. మరీ వేగంగా అందుకునే యంత్రం హల్లుల మొనను, ఒత్తుల బిగిని మొద్దుబారుస్తుంది. మెల్లని మాటతోపాటు పంకా చప్పుడు కూడ పైకి వస్తుంది గనుక, రికార్డు చేసేటప్పుడే పంకా కట్టివేయడం మేలు.

హార్మోనియం, గొంతు ఒకే మైకులో పట్టిన రికార్డు ఒకటి మాకు దొరికింది. దానిని గట్టిగా నొక్కి చూచినాము. గొంతు లేచినప్పుడల్లా హార్మోనియం అణగిపోయేది. గొంతు ఆగగానే ఉబికి వచ్చేది. వినేవానికి ఆయాసం! పట్టు సడలించిన తర్వాతనే పాట పాటగా వినిపించింది. రెండింటికీ వేర్వేరు మైకులుంటే గొంతును మాత్రమే అదుపు చేయవచ్చును.

ఇంకొక మాట. బిగ్గరగా వున్నదే బాగున్నట్లు చెవి భ్రమపడుతుంది. కంప్రెసర్ వేసినదానిని, వేయనిదానిని సమానమైన ఎత్తున పెట్టి వింటేనే న్యాయమైన తీర్పు వస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం, అసలు రికార్డును ముట్టుకోకుండా వేరుగా దాచడం. సరిచేసిన ప్రతి నేటి పిల్లలు వినడానికి. అసలు ప్రతి రేపటివారికి. ఒకసారి నొక్కి చదును చేసిన గొంతులోని ఎత్తుపల్లాలను మళ్ళీ ఉన్నవి ఉన్నట్లు తిరిగి రాబట్టడం ఎవరి తరమూ కాదు. పద్యం పాడిన పెద్దలు మళ్ళీ పాడడానికి ఎల్లకాలం మన మధ్య వుండరు గదా!