ఆపరేషన్ పనిముట్లు మళ్ళీ వాడవచ్చా?

"సిస్టర్ గారూ, నిన్న వేరే వాళ్ళకు వాడిన పనిముట్లే రేపు మా అమ్మ ఆపరేషన్‌కూ వాడతారా?" అని బంధువులు తరచూ అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. అవును, అవే వాడతాము. సిరంజిని, సూదిని ఒకసారి వాడి పారేస్తాము. ఎందుకంటే సూది లోపలి సన్నని రంధ్రాన్ని నమ్మకంగా శుభ్రం చేయలేము. స్టీలు ఫోర్సెప్స్ అలా కాదు. వాటిని తెరిచి, కడిగి, ఆవిరిలో పెట్టి మళ్ళీ వాడటానికే తయారు చేస్తారు. ప్రమాదం మళ్ళీ వాడటంలో లేదు, సరిగా కడగకపోవడంలో ఉంది.

ఫోర్సెప్స్ అంటే ఏమిటి?

చూడటానికి కత్తెరలా ఉంటాయి, కాని కోయవు. పట్టుకుంటాయి. వంటింట్లో పటకారు చేసే పనే ఇవి శరీరంలో చేస్తాయి. ఆర్టరీ ఫోర్సెప్స్ తెగిన రక్తనాళాన్ని నొక్కిపట్టి రక్తస్రావాన్ని ఆపుతుంది. ఆలిస్ ఫోర్సెప్స్‌కు చివర చిన్న పళ్ళుంటాయి. అది గట్టి కణజాలాన్ని పట్టుకుంటుంది. బాబ్‌కాక్ ఫోర్సెప్స్‌కు పళ్ళుండవు. పేగు, అపెండిక్స్ వంటి సున్నితమైన భాగాలను, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో గర్భనాళాన్ని నలగకుండా పట్టుకోవడానికి దానిని వాడతారు. వీటి పిడుల దగ్గర మెట్లలాంటి పళ్ళుంటాయి. నొక్కగానే టిక్కుమని బిగుసుకుని, చెయ్యి వదిలినా పట్టు వదలవు.

ముందు కడగాలి

ఆపరేషన్ అయిన వెంటనే పనిముట్లను తడిగా ఉంచుతాము. అన్నం గిన్నె ఎండిపోతే తోమడం ఎంత కష్టమో మీకు తెలుసు. రక్తం కూడా అంతే. ఎండిన రక్తం పొర కింద దాగిన క్రిములకు ఆవిరి సరిగా అందదు. ఉప్పు నీటిలో (సెలైన్) మాత్రం నానబెట్టము, స్టీలుకు గుంటలు పడతాయి. మందు కలిపిన నీటిలో నానబెట్టి, ఫోర్సెప్స్‌ను పూర్తిగా తెరిచి, నీళ్ళు చిందకుండా నీటి లోపలే బ్రష్‌తో తోముతాము. కీలు సందు, పళ్ళ సందులు ముఖ్యం. తరువాత మంచి నీటితో కడిగి ఆరబెడతాము.

ఆరాక ఒక్కొక్కటి పరీక్షిస్తాము. కొనలు సరిగా కలుస్తున్నాయా? తుప్పు, పగులు ఉన్నాయా? మొదటి మెట్టు దగ్గర బిగించి, మెల్లగా తట్టి చూస్తాము. అది తెరుచుకుంటే ఆ పనిముట్టును పక్కన పెట్టేస్తాము. రక్తనాళం మీద పట్టు జారితే రోగికి ప్రమాదం. కీలు బిగుసుకుంటే కుట్టుమిషను నూనె వేయము, దాని పొరలోకి ఆవిరి చొరదు. నీటిలో కరిగే ప్రత్యేకమైన ద్రవమే వాడతాము. ఆర్టరీ ఫోర్సెప్స్‌తో కుట్ల సూదిని పట్టుకోవద్దని కొత్త నర్సులకు చెబుతాము. కొనలు వంకరపోతాయి.

ఉడకబెడితే చాలదా?

చాలదు. ధనుర్వాతం కలిగించే క్రిముల బీజాలు మరిగే నీటిలోనూ బతకగలవు. అందుకే ఆటోక్లేవ్ కావాలి. ఇది పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటిదే. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. గుడ్డలో చుట్టిన కట్టలను ఆ వేడిలో సాధారణంగా 30 నిమిషాలు ఉంచుతారు. మీరు కుక్కర్‌లో ఆవిరి బాగా వచ్చాకే వెయిట్ పెడతారు కదా? ఇక్కడా లోపలి గాలి ముందు బయటకు పోవాలి. గాలి మిగిలిన చోటికి ఆవిరి చేరదు. ఫోర్సెప్స్‌ను తెరిచి ఉంచడం కూడా ఆవిరి అన్ని సందులకు తగలడానికే.

కట్టకు అంటించిన టేపుపై చారలు నల్లబడితే వేడి తగిలిందని అర్థం. క్రిములన్నీ చచ్చాయని ఆ టేపు ఒక్కటే చెప్పలేదు. అందుకే కట్ట లోపల మరో సూచిక పెడతాము. యంత్రాన్ని బీజాలున్న గొట్టాలతో అప్పుడప్పుడు పరీక్షిస్తాము.

కట్ట తడిగా బయటకు వస్తే వాడము. తడి గుడ్డ గుండా బయటి క్రిములు లోపలికి చేరతాయి. దానిని విప్పి, కొత్త గుడ్డలో కట్టి, మళ్ళీ మొదటి నుండి ఆవిరిలో పెట్టాలి. ఒక్కొక్కసారి ఆపరేషన్ గంటసేపు ఆలస్యం కావడానికి కారణం ఇదే. బయట వరండాలో కూర్చున్నవారికి ఆ గంట ఎంత భారమో మాకు తెలుసు. అయినా తడి కట్టను విప్పి ఆపరేషన్ మొదలుపెట్టమని మాత్రం మమ్మల్ని తొందరపెట్టకండి.

మీరు చేయగలిగినవి

- డ్రెస్సింగ్ కట్టను మీ ఎదుటే విప్పమని అడగండి. తడిగా, చిరిగి ఉంటే చెప్పండి.
- విప్పిన ట్రేను తాకకండి, దానిపై వంగి మాట్లాడకండి.
- ఫోర్సెప్స్ కింద పడటం చూస్తే వెంటనే చెప్పండి. నర్సు ఏమీ అనుకోదు, వేరేది తీసుకుంటుంది.
- ఎక్కడైనా సరే, ఒకరి పుండుకు వాడిన పనిముట్టును నీళ్ళతో తొలిచి మీకు వాడబోతే ఒప్పుకోకండి. కామెర్లు కలిగించే హెపటైటిస్ బి అలా కూడా సోకవచ్చు.
- ఆపరేషన్ తరువాత గాయం ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇంట్లో పసరు పూయకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

మీకు ఇంకా సందేహముంటే వార్డు సిస్టర్‌ను అడగండి. కట్ట మీద వేసిన తేదీని, నల్లబడిన టేపును ఆమె మీకు చూపిస్తుంది.