మసకబారిన పటములు – కారణ విచారణ

సీమంతమునాడు ముత్తవ అక్షతలు వేయుచుండగా తీసిన పటము కడిగి వచ్చినది. వెనుక గుమ్మపు తోరణమున ప్రతి ఆకును లెక్కింపవచ్చును. ముత్తవ ముఖము మాత్రము మంచులోనున్నట్లున్నది. ఆ వేడుక మరల రాదు. ఇట్టి పటములు చాల యిండ్లలో నుండును. చూచినవెంటనే కెమేరా చెడినదనియో, వెలగల లెన్సు కొనవలయుననియో పలువురు తలంతురు. దోష మెక్కడనున్నదో తేలిన పిమ్మటనే డబ్బు తీయవలయునని మా అభిప్రాయము.

మేమిచట చెప్పునది రేంజిఫైండరు కెమేరాలను గూర్చి. 1925లో వెలువడిన మొదటి లైకాకు ఈ సాధనము లోపల లేదు. 1929లో లైకా కొని, ప్యారిసులో ‘లైకా రాణి’ యని పేరొందిన ఇల్సె బింగ్ మొదట అట్టిదానితోనే పనిచేసినది. 1932లో వచ్చిన రెండవ లైకాలో దూరము చూచు సాధనమును లెన్సుతో జతపరచిరి. కెమేరా ముందున్న రెండు గవాక్షములనుండి వచ్చు రెండు రూపములు కంటియెదుట కనబడును. లెన్సును త్రిప్పినపుడు దాని వెనుకనున్న అంచు లోపలి చిన్నమీటను త్రోయును. రెండు రూపములు ఒకటైనచోట దూరము కుదిరినట్లు.

ఇందొక చిక్కు కలదు. చూచు గవాక్షమున దృశ్యమంతయు ఎప్పుడును స్పష్టముగనే యుండును. లెన్సు గురి తప్పినను, తుదకు దాని మూత తీయకున్నను, కంటికి తెలియదు. కావున పటమునే సాక్షిగా విచారింపవలయును.

వెలుగు చుక్కలన్నియు ఒకే దిక్కునకు గీతలైనచో చేయి కదలినది. చెంబు స్పష్టముగనుండి బిడ్డ మాత్రము చెదరినచో బిడ్డ కదలినది. ముఖము మసకబారి, దాని ముందో వెనుకనో మరియొకటి తేటగా నున్నచో, అదియే దూరము తప్పుట. ఎచటను తేటదనము లేక పటమంతయు పాలు కలిపినట్లున్నచో లెన్సును దీపమునకెదురుగా పట్టి చూడుడు. తేమగల కోస్తా ఊళ్లలో లెన్సులలోపల బూజు పట్టుట సామాన్యము.

దూరమే తప్పినదని తోచినచో, మొదట కిలోమీటరునకు మించి దూరమున నున్న గోపురమునో, రాత్రియైనచో చంద్రునో చూడుడు. లెన్సు అనంతదూరపు గుర్తుకడ నిలిచినపుడు రెండు రూపములు ఒకటి కావలెను. తరువాత వార్తాపత్రిక నొకదానిని ఏటవాలుగా నిలిపి, ఒక వరుసక్రింద ఎఱ్ఱగీత గీసి, కెమేరాను 1 మీటరు దూరమున కదలని పీటపై నుంచి, లెన్సు రంధ్రమును పూర్తిగా తెరచి, ఆ గీతపై గురిచూచి మూడు పటములు తీయుడు. ప్రతిసారియు దూరమును చెరపి మరల కుదుర్పవలెను. మూడును మూడు విధములుగా తప్పినచో దోషము చూపులోనిది: గవాక్షమును తుడువుడు, కంటద్దములు కావలసినవారు వానిని పెట్టుకొని చూడుడు. మూడును ఒకే వైపునకు తప్పినచో యంత్రమును శంకింపవచ్చును. అప్పుడు వేఱొక లెన్సు తగిలించి చూడవలెను. అన్ని లెన్సులును అట్లే తప్పినచో దోషము కెమేరాది. ఒక్కటే తప్పినచో ఆ లెన్సుది.

గురిచూచుటకు నిలువుగీతలు శ్రేష్ఠము. ద్వారబంధపు అంచు, కిటికీకమ్మి, నిలువుగా వ్రేలు చీరయంచు తగినవి. గళ్లచీరమీద మాత్రము గురిపెట్టకుడు. ఒక గడి ప్రక్కగడితో కలిసి, దూరము కుదిరినదని భ్రమ గొల్పును.

ఇక లెన్సుల సంగతి. ఒక్కటే కొనగలవారికి 50 మి.మీ. లెన్సు చాలును. 1948లో గాంధీమహాత్ముని అంత్యయాత్రను చిత్రించిన హెన్రీ కార్టియే బ్రెసాన్ జీవితమున ఎక్కువభాగము దానితోనే గడపెను. ఇరుకు గదులలో పదిమంది కూర్చున్న పంక్తికి 35 మి.మీ. అనుకూలము. ముఖములకు 90 మి.మీ. అందముగనుండును గాని, దానికి ఓర్పు కావలెను. 1 మీటరు దూరమున 50 మి.మీ. లెన్సును ఎఫ్ 2 వద్ద తెరచినచో తేటగానుండు మందము సుమారు 5 సెంటీమీటరులు, 90 మి.మీ. లెన్సునకు ఎఫ్ 2.8 వద్ద సుమారు 2 మాత్రమే. ముక్కు కుదిరిన కన్ను తప్పును! అదే 50 మి.మీ. లెన్సును ఎఫ్ 8కి మూసినచో దాదాపు 19 సెంటీమీటరులు లభించును. వెలుతురున్న పెరటిలో ముత్తవను కూర్చుండబెట్టినచో ఇదియే సుఖమార్గము.

పాతలెన్సులు కొనువారికొక హెచ్చరిక. సోవియటు దేశమున తయారైన జూపిటర్ లెన్సులు కొన్ని లైకామరకు చక్కగ తగులుకొనును. కాని వాని కొలత కాంటాక్సు కెమేరా ననుసరించినది యగుటచే దగ్గరి వస్తువులయందు గురి తప్పుచుండును. వెల తక్కువని తొందరపడక, పైని చెప్పిన పత్రికాపరీక్ష చేసిన పిమ్మటనే బేరము ముగింపుడు.

కెమేరాలోని మరలను ఇంట త్రిప్పుట మాకు సమ్మతముగాదు. ఒకటి దూరమునకు, మరియొకటి దగ్గరకు సంబంధించినవై, ఒకదానిని కదల్చిన రెండవది తప్పును. పనివానికి ఇచ్చునపుడు కెమేరాతోబాటు లెన్సులన్నిటిని, పరీక్షాపటములను గూడ ఇచ్చి, ఏ పటము ఏ లెన్సుతో తీసినదో వెనుక వ్రాసి పంపవలెను.