తూటాలు లెక్కపెట్టే గూఢచారి!

ఈ వయసులో నేను కార్టూన్లు చూస్తున్నానంటే పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, అభ్యంతరం లేదు! మా మేనల్లుడు ఉక్కునగరంలో ఉంటాడు. మొన్న ఆదివారం భోజనానికి వెళ్తే, "మావయ్యా, గూఢచారి సినిమాలంటే నీకు పిచ్చి కదా, ఇది సూడు" అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

పేరు 'ఆర్చర్'. ఆడం రీడ్ అనే అమెరికన్ సృష్టి. 2009 నుంచి 2023 దాకా 14 సీజన్లు నడిచింది. బాండ్ చిత్రాలను వెక్కిరించే హాస్యం. బూతు పాలు ఎక్కువే, పిల్లల్ని పక్క గదిలోకి పంపించి చూడవలసిన సరుకు. కథానాయకుడు స్టెర్లింగ్ ఆర్చర్ తాగుబోతు, సోగ్గాడు, కన్నతల్లి నడిపే గూఢచారి సంస్థలో ఉద్యోగి. చేతిలో వాల్తర్ పి.పి.కె. పిస్తోలు. సాక్షాత్తూ బాండుగారి ఆయుధమే!

అన్నట్టు, బాండుకి ఆ పిస్తోలు ఎలా వచ్చిందో తెలుసా? మొదట్లో రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ అతనికి బెరెట్టా ఇచ్చాడు. 1956లో బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు, అది ఆడవాళ్ల చేతిసంచీలో పెట్టుకునే బాపతు అని ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ కోపగించుకోలేదు సరికదా, తర్వాతి నవలలో తుపాకి మార్చి, దాన్ని అందించే పాత్రకు ఆ అభిమాని పేరే పెట్టేశాడు! అయినా 1962లో వచ్చిన మొదటి బాండ్ చిత్రం 'డాక్టర్ నో'లో లెక్క తప్పింది. నీ ఆరూ అయిపోయాయి అంటాడు బాండ్. కానీ ఎదుటివాడి చేతిలో కనిపించేది మేగజీన్‌లో ఏడు పట్టే పిస్తోలు.

ఆర్చర్ దగ్గర అలా కుదరదు. ఏ బాధ్యతా పట్టని ఈ మనిషి, ఎదుటివాళ్లు ఎన్ని పేల్చారో మాత్రం మనసులో లెక్క కట్టుకుంటూ ఉంటాడు. తుపాకి ఖాళీ అయిందని వాడికంటే ముందు ఇతనికే తెలుస్తుంది.

నాకు మన హాళ్లు గుర్తొచ్చాయి. 1966లో డూండీ నిర్మాణం, మల్లికార్జునరావు దర్శకత్వంలో 'గూఢచారి 116' వచ్చినప్పుడు నేను పదేళ్లవాణ్ని. వన్‌టౌన్‌లో నేల టిక్కెట్టు. ఆ సినిమాతో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యారు, మరుసటేడే అది జితేంద్రతో 'ఫర్జ్'గా హిందీకి వెళ్లింది. ఇంటికొచ్చాక మేం కర్రముక్కలతో ఒకళ్లనొకళ్లం కాల్చుకున్నాం. ఒక్కొక్కడి కర్రలోనూ వెయ్యి తూటాలు! ఆ తర్వాత వచ్చిన సినిమాల్లోనూ అంతే. ఆరు పట్టే రివాల్వర్ రీలు రీలంతా పేలేది. ఎవరు లెక్కపెట్టారు గనక? నేనూ పెట్టలేదు, ఈలలు వేయడానికే టైము చాలేది కాదు.

హాస్య డిటెక్టివులు మనకు లేకపోలేదు. జంధ్యాల 'చంటబ్బాయ్' (1986) చాలావరకు మన విశాఖలోనే తీశారు. కాకపోతే ఆయన హాస్యం మాటల్లో పేలింది, తుపాకుల జోలికి అంతగా పోలేదు.

ఇంతలో తెర మీద ఒక ఘట్టం. ఆర్చర్ చెవి పక్కనే తుపాకి పేలింది. మామూలుగా అయితే హీరో తల విదిలించి పరుగెత్తాలి. ఇతను నోరు తెరిచి "మాప్... మాప్..." అని వింత శబ్దం చేశాడు. చెవుల్లో గింయ్‌మని హోరు, పక్కవాళ్లు చెప్పేది వినపడదు. మా మేనల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఎన్.సి.సి. క్యాంపులో 303 రైఫిల్ కాల్పించారు. ఏ కాలేజీయో, ఏ క్యాంపో ఇప్పుడెందుకు లెండి. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా లేదు. బోర్లా పడుకుని నా వంతు కోసం చూస్తున్నాను. కుడిపక్క కుర్రాడు తొందరపడి పేల్చేశాడు. సినిమాల్లో విన్న "ఢాం" కాదది, చెవిలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు. తుపాకి మోత 140 డెసిబెల్స్ దాటుతుందని తర్వాతెప్పుడో చదివాను. సాయంత్రానికి తగ్గుతుంది అన్నారు. హోరు ఇప్పటికీ ఉంది. 70 ఎం.ఎం. తెరలూ స్టీరియో శబ్దమూ మన ఊరికి వచ్చిన కొత్తలో, గుర్రం ఎడమ నుంచి కుడికి పరుగెత్తితే డెక్కల చప్పుడూ అటే పోతోందని జనం వెర్రెత్తిపోయారు. నాకు మాత్రం గుర్రం ఎడమవైపే ఉండిపోయింది. అప్పట్నుంచీ హాల్లో కుడిపక్క చివరి సీటే అడుగుతాను. మంచి చెవి జనం వైపుంటుందని.

వేలకొద్దీ తూటాలు పేలిన సినిమాలు చూశాను. పేలాక హీరో చెవికేమైందో చూపించింది ఈ వెకిలి కార్టూన్ ఒక్కటే! గురి తప్పిన తూటాకీ ఇందులో ఒక చిరునామా ఉంటుంది. బ్రెట్ అని పాపం ఆఫీసు గుమాస్తా ఒకడున్నాడు. ఆఫీసులో ఎవరు తుపాకి పేల్చినా అది పోయి పోయి వాడికే తగులుతుంది. మళ్లీ కట్టు కట్టుకుని పనిలోకొస్తాడు. చివరికి అలాగే పోతాడు కూడా. మన ఫైట్లలో హీరోకి తగలని తూటాలన్నీ ఏ గోడల్లోకి పోయాయో ఎప్పుడైనా ఆలోచించామా? నవ్వించడానికే పెట్టినా, ఆ బ్రెట్టుని చూస్తే నాకు కొంచెం భయమే వేసింది.

"ఏటి మావయ్యా, నవ్వట్లేదు?" అన్నాడు మావాడు. చెవి సంగతి చెప్పాను. ఇన్నేళ్లలో వాడికి ఎప్పుడూ చెప్పలేదు. వాడు కాసేపు మాట్లాడలేదు. "మా ప్లాంటులో మోత ఎక్కువున్న చోటికి ఇయర్‌ప్లగ్గులు లేకుండా ఎళ్లకూడదు మావయ్యా. ఒక్కోసారి బద్ధకించి జేబులోనే ఉంచేసుకుంటాను" అన్నాడు మెల్లగా. అన్నది నా కుడిపక్క కూర్చుని. మళ్లీ చెప్పించుకోవలసి వచ్చింది.

వాణ్ని ఎడమవైపుకి జరగమని, ఆ "మాప్ మాప్" ఘట్టం ఇంకోసారి వెయ్యమన్నాను.